ఆరని బూట్లు

మా జమాలుద్దీన్ మామూకు గుమ్మం ముందు మాసిన తెల్లబూట్లు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎవరివని అడగడు, కడిగేస్తాడు. అమ్మకు తమ్ముడు, ఉండేది మాతోనే. అందుకని మా ఇంటికి వచ్చినవాళ్లు తొందరగా వెళ్లలేరు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను ఒకసారి మా నాన్న హవాయి చెప్పులతో హన్మకొండ దాకా వెళ్లాడు.

దానికో పద్ధతి ఉంది. లేసులు విప్పి సబ్బునీళ్లలో వేయాలి. పాత టూత్‌బ్రష్ మీద కాస్త వంటసోడా వేసి, పసిపిల్లకు పళ్లు తోమినట్టు అంచులు తోమాలి. తడి బూటుకు టిష్యూ కాగితం చుట్టి నీడలో పెట్టాలి. ఎండలో పెడితే పసుపెక్కుతాయి, మాటిమాటికీ తడిపితే జిగురు ఊడుతుంది. వాషింగ్ మిషన్ పేరెత్తితే మామూ ఆ పూట అన్నం ముట్టడు.

అఫ్సానా అక్కను చూడటానికి వర్ధన్నపేట నుంచి సమద్ వాళ్లు వస్తున్నారని తెలియగానే, ఈ ఒక్కరోజు బూట్ల జోలికి పోనని అమ్మ మామూ చేత ఒట్టు వేయించుకుంది. అదీ నమ్మక బ్రష్‌ను బియ్యం డబ్బాలో దాచింది.

అక్క బెంగ వేరు. తను దవాఖాన ల్యాబులో పనిచేస్తుంది. పెళ్లయ్యాక ఆ పని చేయనిస్తారో లేదో సమద్ నోటి నుంచే వినాలనుకుంది. కానీ వాళ్లొచ్చి కూర్చున్నాక ఏం అడిగినా సమద్ వాళ్ల నాన్నే అందుకుంటున్నాడు. సమద్ చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. చాయ్ అయింది, సమోసాలూ అయ్యాయి, అందరూ లేచారు.

గుమ్మం దగ్గర సమద్ తెల్లబూట్లు లేవు. పెరట్లో నీళ్ల చప్పుడు. అమ్మ తల పట్టుకుంది. మామూ సబ్బు చేతులతో వచ్చి, "జర కూసోండ్రి. ఆరంగనే పోదురు" అన్నాడు.

వాళ్ల నాన్న గొణుక్కుంటూ మా నాన్నతో నమాజుకు మసీదుకు వెళ్లాడు. వాళ్లమ్మ మా అమ్మతో వంటింట్లోకి వెళ్లింది. హాల్లో అక్క, సమద్, తోడుకు నేను.

అక్క సూటిగా అడిగింది. "ల్యాబు పని నేను ఇడిచిపెట్ట. మీకు నడుస్తదా?"

సమద్ తన ఉత్త కాళ్లకేసి చూసుకున్నాడు. "నాకు నడుస్తది. గని అబ్బాకు చెప్పనీకి ధైర్యం చాలుతలేదు."

ఆ ధైర్యం ఎట్లా తెచ్చుకోవాలో అక్క చెప్పడం మొదలుపెట్టింది.

మామూ ఒట్టు ఎందుకు తప్పాడా అని పెరట్లోకి వెళ్లాను. మే నెల వడగాలికి బూట్లు నీడలోనే ఆరిపోయి మెరుస్తున్నాయి. మామూ మగ్గుతో నీళ్లు ముంచుతున్నాడు.

"ఆరినయ్ గద మామూ?"

"ఆరినయ్ నిఖత్. మీ అక్క మాట్లాడుడు ఇంకా కాలే" అంటూ వాటి మీద పోశాడు. జిగురు గురించి మాకు ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషి! నాకు ముద్దొచ్చాడు.

మసీదు నుంచి వాళ్ల నాన్న తిరిగొచ్చేసరికి సమద్ లేచి నిలబడ్డాడు. "అబ్బా, ఆమె పని ఇడవదు. నాకు ఇష్టమే."

పెద్దాయన కొడుకును కొత్తగా చూసినట్టు చూశాడు. చివరికి, "నీకిష్టమైతే నాదేముంది?" అన్నాడు.

సమద్ తడి బూట్లతోనే బయల్దేరాడు. మెట్టు దిగుతుంటే ఒకదాని అడుగు ఊడి మెట్టు మీదే ఉండిపోయింది.

పెళ్లికి మామూ కొత్త జత కొనిచ్చాడు. తెల్లవే.