బాతుల రక్షకుడు మా తాత

మొన్న ఆదివారం మా తాతకు సన్మానం జరిగింది. జరిగిన మాట నిజమే కానీ, జరిగిన తీరు వింటే మీరు నవ్వుతారు. నవ్వండి! మా రైల్వే క్వార్టర్స్ అంతా నవ్వింది, మీరొక లెక్కా!

మేముండేది కలకత్తా పక్కన, హౌరా వైపు సంత్రాగాఛిలో కదా. మా వెనక వరండాలో నిలబడితే ఎదురుగా పెద్ద చెరువు. చలికాలం వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి నుంచో సరాల్ బాతులు వచ్చి గుర్రపుడెక్క దిబ్బల మీద వాలతాయి. తెల్లారగట్ల పొగమంచులో అవి కనబడవు. సన్నగా ఈలలు మాత్రం వినబడుతుంటాయి. మంచు మెల్లమెల్లగా పలచబడి, నీళ్లేవో ఆకాశమేదో తెలియని ఆ వెలుగులో అన్నీ ఒక్కసారి లేస్తాయి చూడండీ... నేను నోట్లో బ్రష్ పెట్టుకుని అలాగే ఉండిపోతాను. లోపల పొయ్యి మీద పాలు పొంగిపోతాయి, అమ్మ అరుస్తుంది, నేనెక్కాల్సిన లోకల్ కూత వేసి వెళ్లిపోతుంది. నాకేమీ పట్టదు. రోజంతా తిట్లు తిన్నా సరే, ఆ కాసేపు నాదే.

కాలేజీలో నేచర్ క్లబ్‌లో చేరింది కూడా అందుకే. కానీ పైకి చెప్పుకోవడానికి అదీ ఒక కారణమేనా?

మా కాలేజీలో దేయాల్ పత్రిక అని ఒకటుంటుంది. గోడ పత్రిక అన్నమాట. చేత్తో రాసిన కాగితాలు చార్టుకు అంటించి మెట్ల దగ్గర తగిలిస్తారు. కలకత్తాలో ఖాళీ గోడ కనిపిస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయకుండా ఉండరు కదా! ఈసారి మా క్లబ్ వంతు. 'నేను ప్రకృతి వైపు ఎందుకొచ్చాను' అని తలా ఒక పేజీ రాయాలి. ఎవరి పేజీ బాగుంటే వాళ్లు సంత్రాగాఛి చెరువు గట్టున జరిగే సభలో మాట్లాడాలి. చెరువేమో నాది! ఇంకెవరో మైకు పట్టుకుంటే నేను చూస్తూ ఊరుకోవాలా?

మా సెక్రటరీ అనిర్బాన్‌దా ఏం రాశాడో తెలుసా? తను ఈత నేర్చుకున్న చెరువును పూడ్చేసి ఫ్లాట్లు కట్టేశారట. నా స్నేహితురాలు మిఠూ, బస్సుల పొగకు ఆయాసపడే తమ్ముడి గురించి రాసింది. వాళ్లకేమో అంతంత బాధలు. నాకేమో టూత్‌బ్రష్!

అందుకని కథ అల్లేశాను. మా తాత యార్డులో గ్యాంగ్‌మన్‌గా ఉన్నప్పుడు డ్యూటీ దిగగానే కర్ర పట్టుకుని చెరువు చుట్టూ తిరిగేవాడనీ, వేటగాళ్లను తరిమి తరిమి కొట్టేవాడనీ రాశాను. 'ఆ కర్ర ఇప్పుడు నా చేతికొచ్చింది' అని ముగించాను. ఆ వాక్యానికి నాకే కళ్లు చెమర్చాయంటే చూడండి!

పేజీ తెగ నచ్చేసింది అందరికీ. సభలో మైకు నాదే అన్నారు. మిఠూ ఏడ్చింది. అనిర్బాన్‌దా ఏడ్చినా బాగుండేది. "మీ దాదూకి సంవర్ధన చేద్దాం!" అన్నాడు. తాతకు సన్మానం అన్నమాట. బెంగాలీవాళ్లకు ఒక మనిషి నచ్చితే ఇక శాలువా, పూలగుత్తి, సందేశ్ మిఠాయి పెట్టె. ఆపడం ఎవరి తరం?

నేను పెద్దగా భయపడలేదు లెండి. మా తాత ఇంట్లో తెలుగు తప్ప ఇంకో ముక్క మాట్లాడడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన నోట బెంగాలీ విన్నదే లేదు. ఆయన ఏం చెప్పినా మధ్యలో ఉండి మార్చి చెప్పేది నేనే. ఇంతకంటే భద్రమైన ఏర్పాటు ఉంటుందా?

ఆదివారం సాయంత్రం అందరూ మా ఇంట్లో దిగారు. తాత ఉతికిన పంచె కట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. "బాతుల్ని ఎలా కాపాడేవారో చెప్పండి దాదూ" అని అనిర్బాన్‌దా బెంగాలీలో అడిగాడు. తాత నా వైపు చూశాడు. ప్రశ్న తెలుగులో చెప్పాను.

"కాపాడ్డమేటే? ఉండేలుతో కొట్టీవోళ్లం! రాయెట్టి లాగితే టపీమని పడీది. మీ మామ్మ అల్లం, ఎల్లుల్లి నూరి ఎట్టి వొండితే... ఓలమ్మ, లైనంతా గిన్నెలట్టుకుని వొచ్చీసీవోళ్లు!"

నేను మొహం ప్రశాంతంగా పెట్టి, "ఆ పక్షులు మా ఇంటి పిల్లల్లాంటివి అంటున్నాడు" అని చెప్పాను.

తాత ఊరుకుంటాడా? ఒక కన్ను మూసి, గాలిలో ఉండేలు సాగదీశాడు. ఇదేంటన్నారు. దూరం నుంచి వాటిని గమనించేవాడట అన్నాను. ఒళ్లో బాతు ఉన్నట్టు పట్టుకుని ఈకలు పీకాడు. ప్రేమగా ఈకలు దువ్వేవాడట అన్నాను. ఆఖరికి ఐదు వేళ్లూ చప్పరించాడు.

"మరి ఇది?" అంది మిఠూ.

"ముద్దు పెట్టుకునేవాడట."

తాత టీ గ్లాసు కింద పెట్టాడు. నన్ను ఎగాదిగా చూశాడు. "నా మా, ఆమి తో ఏ కథా బొలి నీ!" అన్నాడు. నేనా మాట అనలేదమ్మా అని! అచ్చమైన హౌరా బెంగాలీ!

అవును మరి, బతుకంతా బెంగాలీవాళ్లతో కలిసి పట్టాలు వేసినవాడికి భాష రాకుండా ఉంటుందా? బూట్లతో పాటు బెంగాలీని కూడా గుమ్మం బయట విడిచి రమ్మని మా మామ్మ నియమం పెట్టిందట. నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఇక తాత మొదటి నుంచీ మళ్లీ చెప్పాడు, ఉండేలుతో సహా, మసాలాతో సహా. ఆవనూనెలో అయితే రుచి ఇంకా బాగుంటుందని మిఠూకి చెప్పాడు. ఆ పిచ్చిది అలవాటు కొద్దీ రాసుకుంటోంది! భూమి చీలితే బాగుండును అనిపించింది. నా సభ పోయింది, నా పరువు పోయింది, రేపు కాలేజీకి ఏ మొహంతో వెళ్లను?

అనిర్బాన్‌దా శాలువా మడత విప్పి, మళ్లీ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. చివరికి, "మరి ఎందుకు మానేశారు దాదూ?" అని మెల్లగా అడిగాడు.

తాత గడ్డంతో నన్ను చూపించాడు. ఆయన చెప్పింది బెంగాలీలోనే, నాకు మాత్రం తెలుగులోనే వినబడింది.

"ఈ గుంట సిన్నప్పుడు ఒక సలికాలం తెల్లారగట్ల వరండాలో నిలబడి ఉంది. నాను ఉండేలు సాగదీసినాను. 'తాతా, ఉష్! అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి' అంది. అన్నాళ్లూ కొట్టినాను గానీ, ఆ ఈల నా సెవిన పడనేదు. ఆ పొద్దే ఇన్నాను. ఇన్నాక మరి సెయ్యాడనేదు. ఒగ్గీసినాను. ఇది ఇప్పుడికీ అలాగే నిలబడతాది. పాలు పొంగిపోతన్నా సూడదు."

నాకు ఆ పొద్దు గుర్తే లేదు.

అందరం వెనక వరండాలోకి వెళ్లాం. ఎండ తగ్గుతోంది. నీళ్ల మీద లేత నారింజ రంగు, దిబ్బల మీద నల్లగా బాతులు, అవే ఈలలు. మిఠూ నా చెయ్యి పట్టుకుంది. నాకు సంతోషమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇది రాయొచ్చుగా?" అన్నాడు అనిర్బాన్‌దా.

"ఇదీ ఒక కారణమేనా?"

"మా చెరువు పోతే నేను ఏడ్చింది దేనికనుకున్నావు?"

లోపలికెళ్లి తాతకు శాలువా కప్పాడు. చెరువు గట్టున సభలో మాట్లాడేది కూడా తాతేనని అక్కడికక్కడే తేల్చేశారు. తాత తెగ మురిసిపోయి, "సభలో టిఫినేటైనా ఎడతారా?" అని అడిగాడు.

నన్నూ పూర్తిగా తీసెయ్యలేదు లెండి. మైకు నేనే పట్టుకోవాలి, తాత నోటి దగ్గర. నేను మాత్రం నోరు విప్పకూడదని అందరూ చేతులెత్తి తీర్మానం చేశారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి మా తాతదే!