దేముడమ్మ వేలికి సిరా

జయమణి టీచరు తరగతిలో లీడరు ఎన్నిక ఏదో చేతులెత్తించి ముగించేసే వ్యవహారం కాదు. చాక్‌పీసుల అట్టపెట్టెకి పైన చీలిక పెట్టి, టేపుతో సీలు వేసి, గది మూలన దుప్పటి కట్టి అచ్చంగా పోలింగ్ బూత్ తయారు చేస్తుంది. ఒక ఏడాది ఓ పిల్ల జ్వరంతో బడికి రాకపోతే, ఆ పిల్ల కోలుకుని వచ్చేదాకా నాలుగు రోజులు పెట్టె తెరవనివ్వలేదు. "ఒక్క ఓటుకి ఇంత రాద్ధాంతం ఏటమ్మా?" అని హెడ్మాస్టరు వేళాకోళమాడితే, "ఆ ఒక్కటీ మీదైతే ఇలాగే అంటారా సార్?" అని అడిగింది. పాపం, ఆయన మళ్లీ ఆ జోలికి పోలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆవిడ తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతోంది. ఓటు పాఠం వచ్చిందంటే గొంతే మారిపోతుంది. "మనవాళ్లు చదువొచ్చాక ఇద్దాం, ఆస్తి ఉంటేనే ఇద్దాం అనలేదర్రా. మొదటి ఎన్నికల్లోనే వేలిముద్ర వేసేవాళ్లకి కూడా ఇచ్చేశారు. ఓడ యజమానికీ ఒకటే ఓటు, ఆ ఓడలోంచి బొగ్గు దించే కూలీకీ ఒకటే ఓటు." ఆ బొగ్గు దించే వాళ్ల పిల్లలే ఎదురుగా కూర్చుని వినేవారు. విని, ఇంటికెళ్లి తండ్రులకి చెప్పేవారు.

పుట్టిందీ పెరిగిందీ కంచరపాలెంలోనే. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. భర్త ఆనందకుమార్‌దీ రైల్వే ఉద్యోగమే. ఆదివారం ప్రార్థనకి చర్చి గుడికి అందరికంటే ముందు వెళ్లి చాపలు పరిచే మనిషి ఆవిడ. ఆవిడలో ఒక్కటే లోపం, అదీ లోపమని ఎవరూ అనుకోలేదు. కాగితమంటే భయం. మెమో, సంజాయిషీ, విచారణ అనే మాటలు వింటే చాలు, అరచేతులు చెమర్చేవి. అంతకుముందు ఎన్నికల్లో వాళ్ల బడి మాస్టారొకాయన లెక్క తప్పు రాసి ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తన సర్వీసు రిజిస్టరులో మాత్రం ఒక్క మచ్చ లేదని జయమణికి లోలోపల గర్వం.

ఆ ఏడు మే నెల పోలింగుకి ఆవిడని గాజువాక వైపు, ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన వాళ్ల కాలనీలో ఒక బూత్‌కి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. జాబితాలో ఓటరు పేరు వెతికి గీత గీసే పని తాతబాబుది. విద్యాశాఖ ఆఫీసులో గుమస్తా, మంచివాడు, సరదా మనిషి. వరుస తప్పకుండా జాబితా మీద చెక్క స్కేలు పెట్టుకుని, పేరు దొరకగానే గీత గీసి, నంబరు పైకి చదివేవాడు. పక్క బల్ల దగ్గర ఆ నంబరు రిజిస్టరులో రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని, వేలికి సిరా పెట్టేవారు.

సాయంత్రం నాలుగున్నరకి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు దేముడమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో చీటీ, కార్డు భద్రంగా పట్టుకుంది. తాతబాబు జాబితా చూసి తలెత్తాడు.

"ఏసేసినావు కదమ్మా!"

"ఎక్కడేసినాను? ఇప్పుడే గదా వత్తన్నాను."

"పొద్దున్నే ఏసినావు. ఇదిగో, గీత ఉంది."

"నీ గీత నాకేటి తెలుసు బాబూ? నా ఏలు సూడు."

ఎడమచెయ్యి చాపింది. వేలి మీద సిరా చుక్క లేదు.

జయమణి లేచి వచ్చి రిజిస్టరు తిరగేసింది. దేముడమ్మ నంబరు ఎదురుగా గుండ్రటి అక్షరాలతో చక్కటి సంతకం ఉంది: వి. రోజారమణి. జాబితాలో చూస్తే రోజారమణి పేరు సరిగ్గా దేముడమ్మ పై వరుసలో, పక్క డోరు నంబరుతో ఉంది. ఆ వరుసలో గీత లేదు. పొద్దున హడావిడిలో స్కేలు ఒక వరుస కిందికి జారింది. రోజారమణి వేసిన ఓటు దేముడమ్మ లెక్కలో పడింది. ఇదంతా బోధపడడానికి జయమణికి అరనిమిషం కూడా పట్టలేదు.

ఏం చెయ్యాలో కూడా తెలుసు. దాన్ని టెండర్ ఓటు అంటారు. తన పేరున అప్పటికే వేరే ఓటు పడిపోయిందని తేలిన మనిషికి కాగితం బ్యాలెట్ ఇచ్చి, అది వేరే కవరులో పెట్టి, పేరు వేరే ఫారంలో రాసుకోవాలి. శిక్షణలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పి శభాష్ అనిపించుకున్నది ఆవిడే. కానీ ఇస్తే డైరీలో రాయాలి. ఎందుకొచ్చిందని అడుగుతారు. ఎవరి పొరపాటంటే సంజాయిషీ ఇవ్వాలి. గదిలో రెండు పార్టీల ఏజెంట్లు పొద్దున్నించి అప్పటికే రెండుసార్లు కొట్టుకోబోయారు. బయట వరుస గేటు దాటిపోయింది. పైగా ఆ కవరు కోర్టుకెక్కితే తప్ప ఎవరూ విప్పరు కదా అని కూడా అనుకుంది. అన్నీ గబగబా అనుకుని, రిజిస్టరు మూసేసింది.

"పొద్దున వచ్చి వేశారమ్మా. మర్చిపోయారు" అంది.

పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. అందుకే గదిలో అందరూ నమ్మారు.

"నానా? మర్సిపోనానా?" దేముడమ్మ అటూ ఇటూ చూసింది. "మరి సిరా ఏదమ్మా?"

"సరిగ్గా పడలేదు. ఇలా రండి, మళ్లీ పెడతాను."

జయమణి తనే పుల్ల తీసుకుని, ఆ ముడతల వేలి మీద గోరు మొదలుదాకా గీత గీసింది. "మందిని ఆపేత్తంది మేడం, పోనియ్యండి" అన్నాడో ఏజెంటు. దేముడమ్మ వేలు చూసుకుంటూ, నోట్లో ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టుగా మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఓటు వెయ్యని మనిషికి వేసినట్టు సిరా పెట్టి పంపిన ఘనత, ఇరవై రెండేళ్లు ఓటు పాఠం చెప్పిన మనిషికి దక్కింది.

లెక్కింపు అయింది. గెలిచినవాళ్లు గెలిచారు. వేలల్లో వచ్చిన మెజారిటీలు పేపర్లో చూసి జయమణి తనకి తానే సర్దిచెప్పుకుంది. ఆ జూలైలో మాత్రం తరగతిలో అట్టపెట్టె కట్టలేదు. పిల్లలు అడిగితే, "ఈసారి చేతులెత్తండి, చాలు" అంది.

ఆగస్టులో ఏదో బిల్లు పని మీద ఆఫీసుకెళ్తే తాతబాబు టీ తెప్పించాడు.

"మేడం, గుర్తుందా? ఏసిన ఓటు మళ్లీ ఏత్తానని వచ్చిందే, ఆ ముసలమ్మ. మా అత్తోరి కాలనీయేనండి. పాపం, మతిమరుపు రోగమంట. ఆ రోజు ఇంటికెల్లి జరిగింది సెప్పిందంట, కొడుక్కి అప్పుడే అనుమానమొచ్చింది. ఇప్పుడు మందులేత్తన్నారు. సింహాచలం కొండకి ఒక్కతే బస్సెక్కి ఎల్లొచ్చే మనిషండి, ఇప్పుడు గేటుకి తాళమేసి ఉంచుతన్నారు. పొయ్యి దగ్గరికి కూడా రానియ్యరు." అతను నవ్వాడు. "రోగం కనిపెట్టింది డాక్టరు కాదు మేడం, మనమే!"

జయమణికి తల తీసేసినట్టయింది. స్కేలు జారిందని తాతబాబుకి ఈనాటికీ తెలీదు. చెబుదామని నోరు తెరిచి, టీ చల్లారిందని చెప్పి లేచి వచ్చేసింది. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది.

వాళ్ల గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది; ఒప్పుకోని పాపం మనసులో పెట్టుకున్నవాళ్లు ఆ రొట్టె ముట్టకూడదు. సెప్టెంబరులో రొట్టె పళ్లెం తన దగ్గరికొస్తే జయమణి తాకకుండా పక్కకి అందించేసింది. అక్టోబరులోనూ అంతే. గుడిలో అలాంటివి దాగవు. ఇంటికొచ్చాక ఆనందకుమార్ నిలదీశాడు. చెప్పింది. ఆయన చాలాసేపు చొక్కా గుండీలు విప్పడం కూడా మర్చిపోయి కూర్చున్నాడు.

"ఎన్నికల కేసంటే మాటలు కాదు. ఉద్యోగం పోద్ది జయా. ఎవరికీ తెలీదు కదా?"

"నాకు తెలుసు. మతి బాగున్న మనిషిని మతిలేనిదాన్ని చేసేశాను. నా ఉద్యోగం నిలబెట్టుకోడానికి ఆవిడ మతి తీసుకున్నాను."

తరవాతి ఆదివారం ఆనందకుమారే బస్టాపుదాకా వచ్చి దిగబెట్టాడు.

కాలనీలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కొడుకు శ్రీరామ్మూర్తి తాళం తీశాడు. ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు, నలభై అయిదేళ్లుంటాయి. టీచరునని చెప్పగానే కుర్చీ తుడిచి వేశాడు. లోపల మంచం మీద కూర్చున్న దేముడమ్మ తొంగి చూసి, వెంటనే గుర్తుపట్టింది.

"ఈ యమ్మేరా! నాకు సిరా ఎట్టిన యమ్మ!"

జయమణి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. స్కేలు జారిన సంగతి, రిజిస్టరులో సంతకం చూసిన సంగతి, చూసి కూడా మూసేసిన సంగతి. "మీ అమ్మగారు ఆ రోజు పొద్దున రాలేదు బాబూ. ఆవిడకి ఏ మతిమరుపూ లేదు. నేను అబద్ధం చెప్పాను. అబద్ధమని తెలిసే చెప్పాను."

శ్రీరామ్మూర్తి గోడకి చేరబడ్డాడు. ఈలోగా దేముడమ్మ గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా, నానేసినాను."

"వెయ్యలేదమ్మా."

"ఏసినాను. పొద్దున్నే సల్లగుందని ఎల్లినాను. రెండు మిషన్లు ఎట్టినారు. రెంటి మీదా నొక్కినాను. ఎర్రలైటు ఎలిగింది, రెండుపాల్లు కుయ్యిమంది. ముందు మర్సిపోనాను గానీ, ఆనక గురుతొచ్చింది. నువ్వే సెప్పినావు కదా, సదూకున్నదానివి."

ఇంతకంటే శిక్ష ఇంకొకటి ఉంటుందని జయమణి అనుకోలేదు. తను ఆడిన అబద్ధాన్ని ఆ మనిషి అయిదు నెలలపాటు కూర్చుని, వెతికి వెతికి, నిజం చేసుకుంది. ఇప్పుడు మతి తిరిగి ఇవ్వాలంటే ఆ ఓటు లాక్కోవాలి. కాళ్ల దగ్గర నేల మీద కూలబడి, చెయ్యి పట్టుకుని మళ్లీ చెప్పింది.

"మీకు సంతకం రాదు కదమ్మా. మీ పేరు దగ్గర మీ పక్కింటి రోజారమణి సంతకం ఉంది. నా కళ్లతో చూశాను. మీరు వెయ్యలేదు. నేనే వెయ్యనివ్వలేదు."

దేముడమ్మ తన వేలు చూసుకుంది. మొహంలో ఏదో సడలిపోయింది.

"అయితే ఒట్టిదేనా?" అంది చివరికి. "మా ఎకరంనర జీడితోట ప్లాంటుకిచ్చినామమ్మా. అప్పుడు దేశానికి కావాలన్నారు, ఏలిముద్రేసి ఇచ్చేసినాం. మా ఆయనకి పనిచ్చినారు, కాదన్ను. ఇప్పుడు ఆ ప్లాంటు పెయివేటోలకి అమ్మేత్తారంట, నష్టమంట. ఒద్దని సెప్పడానికి నాకింకెక్కడుంది? అక్కడొక్కసోటే గదా. దానికే ఎల్లినాను. సెప్పేసి వచ్చినాన్లే అనుకున్నాను, ఇన్నాల్లూ."

శ్రీరామ్మూర్తి గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చాడు. "మందులు మింగనంటే నా సేత్తో నోట్లో ఏసినాను మేడం. మా అమ్మకి. నా సేత్తో." అరలోంచి నోటుపుస్తకం తీసి, ఒక కాగితం చింపి ఆవిడ ముందు పడేశాడు. "రాయండి. మీరే రాయండి. డాక్టరుకి సూపిత్తాను. అందరికీ సూపిత్తాను."

జయమణి పెన్ను తీసింది. ఏ కాగితమంటే జన్మంతా భయపడిందో, అలాంటిది తన చేత్తోనే తన మీద రాయాలి. చెయ్యి ఆగింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో కూడా ఆవిడకి గుర్తొచ్చింది సర్వీసు రిజిస్టరే. గుర్తొచ్చినందుకు సిగ్గుతో చెవులు మండిపోయాయి.

మంచం మీంచి దేముడమ్మ వంగింది.

"నా తరపున కూడా రాయమ్మా. దేముడమ్మ ఓటెయ్యలేదని రాయి. ప్లాంటు అమ్మితే దానికి దేముడమ్మ ఒప్పుకున్నట్టు కాదని రాయి. కింద నాను ఏలిముద్రేత్తాను."

రాసింది. ఓటంటే ఏంటో తొమ్మిదో తరగతి పుస్తకంలో ఎక్కడా ఇంత తేటగా చెప్పలేదని తెలుస్తూనే ఉంది, రాసింది. కింద తన పేరు, హోదా, బడి పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. దేముడమ్మ వేలిముద్ర వేసింది. శ్రీరామ్మూర్తి ఫోనులో ఫొటో తీసుకుని, చదివి వినిపించాడు.

"ఇదెవుడికియ్యాలమ్మా?" అని అడిగింది దేముడమ్మ.

"నేనే పట్టుకెళ్లి కలెక్టరాఫీసులో ఇస్తాను. రేపే."

"ఇత్తే నా ఓటు లెక్కలో కలుపుతారా?"

ఈసారి జయమణి అబద్ధం చెప్పలేదు. "కలపరమ్మా. అదంతా అయిపోయింది."

దేముడమ్మ ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి ఆవిడ చేతిలో ఉంచింది.

"అయినా ఇయ్యి" అంది.

జయమణి తలెత్తి ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది. కాగితం పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.