తోడికోడళ్ళ సైకిలు

బుల్లక్క నిలబడి భోంచేస్తోందని ముందుగా గమనించింది అత్తగారు.

“ఏమే, కుర్చీ కరిచిందా?” అంది.

“పొద్దుట్నించీ కూర్చునే ఉన్నాను కదత్తయ్యా. కాళ్ళకి కాస్త పని చెబుదామని.”

“పొద్దుట్నించీ సైకిలు తొక్కొచ్చి ఇప్పుడు కాళ్ళకి పని చెబుతావా? సరిపోయింది.”

బుల్లక్క నవ్వేసి, కిటికీ గట్టుకు ఒక పక్కగా ఆనుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ పక్కగా ఆనుకోవడం చూసి, ఎదురుగా కూర్చున్న చిన్నకోడలికి తిండి సహించలేదు.

ఈ చిన్నకోడలిని అందరూ నిచ్చెనమ్మ అంటారు. కాపురానికి వచ్చిన రోజే స్టూలు వేసుకోకుండా అటక మీది డబ్బా దించిందని అత్తగారు పెట్టిన పేరది. మనిషి పొడుగు, మనసు మెత్తన, చేతికి తొందర. వీధిలో ఎవరి చేతిలోనైనా బరువు కనబడితే చాలు, అడగకుండానే అందుకుని ముందుకు నడిచేస్తుంది. ఆ మనిషి వెనక నుంచి “అమ్మా, మా ఇల్లు అటు కాదు” అని పిలవాల్సి వస్తుంది. పొద్దున లేస్తూనే దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. అందులో తనకోసం అడిగేది తక్కువ. ఇరుగుపొరుగుల జ్వరాలూ, పిల్లల పరీక్షలూ అన్నీ అయ్యాక సొంత భర్త దగ్గు గుర్తొస్తే వస్తుంది, లేకపోతే లేదు.

తోడికోడళ్ళిద్దరూ వీధి మలుపులోని బేకరీలో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి బేకరీవాళ్ళు ఇచ్చిన సైకిలు ఒకటే. తెల్లవారి పొయ్యిలోంచి దిగిన రొట్టెలను బుల్లక్క పైవీధుల్లో ఇంటింటికీ వేసి వస్తుంది. సాయంత్రం రొట్టెలను నిచ్చెనమ్మ కిందివీధుల్లో వేస్తుంది. ఆ పంపకం చేసింది బుల్లక్కే. మరిది పెళ్ళాం కొత్తగా సైకిలు నేర్చుకుందని ఎత్తులన్నీ తాను ఉంచుకుని చదునంతా ఆమెకు వదిలింది.

ఒకటే సైకిలు మీద ఇద్దరూ తిరుగుతుంటే ఒకరికి తుంటి నొప్పి, ఇంకొకరికి ఏమీ లేదు. నిచ్చెనమ్మను పీక్కుతిన్నది ఇదే. కష్టమంతా అక్క నెత్తిన వేసి తాను చల్లగా తిరుగుతున్నాననుకుంది.

“అక్కా, రేపట్నుంచి పైవీధులు నేను చూసుకుంటాను.”

“చివరింటి పెద్దాయనకి రొట్టె ఎక్కడ పెట్టాలో నీకు తెలుసా?”

“చెబితే తెలుస్తుంది.”

“ఆయనకి కళ్ళు కనబడవు. గుమ్మం పక్కన చెక్కపెట్టె మీద పెట్టి, తలుపు తట్టి, ‘వేడిగా ఉంది, జాగ్రత్త’ అనాలి. అనకపోతే ఆయన చెయ్యి పెట్టడు. మేడ మీది బాలింత ఇంట్లో అసలు తలుపే తట్టకూడదు, పసివాడు లేస్తాడు. ఇవన్నీ నీకెప్పుడు చెప్పను? నొప్పి అదే పోతుందిలే.”

ఇంట్లో బుల్లక్క మాట్లాడేది తక్కువ. పైవీధుల్లో మాత్రం గుమ్మానికొక మాట ఉంటుంది ఆవిడ దగ్గర. ఎవరికి నిద్ర పట్టలేదో, ఎవరి కొడుకు దగ్గర్నుంచి ఫోను రాలేదో ఆవిడకు తెలుసు. ఆ ఇళ్ళు పోతే ఆవిడకు రోజే తెల్లవారదని నిచ్చెనమ్మకు అర్థమైంది.

తప్పంతా సీటుదేనని తేల్చుకుంది నిచ్చెనమ్మ. పాత సీటు తోలు బిగుసుకుపోయి చెక్కలా ఉంది. కిందివీధిలో సైకిళ్ళు బాగుచేసే ముసలాయన కొట్టు ఉంటే అక్కడికి తోసుకుపోయింది. ఆయనను అందరూ రిపేరు తాత అంటారు.

“ఎవరికమ్మా నొప్పి?”

“మా అక్కకి, తాతా.”

“మరి ఆవిడ్ని తీసుకురాకుండా నువ్వొచ్చావేం?”

“ఆవిడ రాదు. అడిగితే నాకేం లేదంటుంది.”

తాత గోడకు తగిలించిన సీట్లు చూపించాడు. “అందరూ మెత్తగా ఉంటే చాలనుకుంటారు. కూర్చున్నప్పుడు కింద రెండు ఎముకలు ఆనుతాయి చూడు, వాటి మధ్య ఎడాన్నిబట్టి సీటు వెడల్పు ఉండాలి. ఏ పిండి మూట మీదో ఆవిడ్ని కూర్చోబెట్టి, ఆ గుంటల మధ్య కొలత పట్టుకురా.”

మర్నాడు బేకరీలో సగం ఖాళీ అయిన పిండి మూటను చదును చేసి అక్కను కూర్చోబెట్టింది.

“కదలకుండా కూర్చో అక్కా, ఒక్క నిమిషం.”

“ఎవరైనా చూస్తే పరువు పోతుందే.”

చూడనే చూశాడు ఓనరు. “ఏమ్మా, ఆ పిండితో చేసిన రొట్టెలు ఎవరింటికి పంపమంటావు?” అన్నాడు. పొయ్యి దగ్గరున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. బుల్లక్క కొంగుతో ముఖం కప్పుకుని తానూ నవ్వింది. నిచ్చెనమ్మ ఒక్కతే నవ్వకుండా దారంతో కొలత తీసుకుని ముడి వేసుకుంది.

ఆ కొలతకు తగ్గ వెడల్పు సీటు దొరికింది. తాత బిగించి, “ఎక్కి చూడమ్మా” అన్నాడు. నిచ్చెనమ్మ ఎక్కి కొట్టు ముందు ఒక చుట్టు తిరిగింది.

“ఎత్తు సరిపోయిందా?”

“సరిగ్గా సరిపోయింది తాతా.”

కొత్త సీటు చూసి బుల్లక్క, “పరుపు మీద కూర్చున్నట్టుందే” అంది. వారం తిరక్కుండానే కుర్చీలో కూర్చునేటప్పుడు బల్ల పట్టుకుని ముందు ఒక పక్కను, తర్వాత రెండో పక్కను దించుకోవడం మొదలుపెట్టింది. నిచ్చెనమ్మ మళ్ళీ తాత దగ్గరికి పరుగెత్తి, మధ్యలో పల్లమున్న సీటు తెచ్చింది. అదీ లాభం లేదనిపించి స్ప్రింగుల సీటు. దాని మీదికి ఒక దూది తొడుగు. తెచ్చిన ప్రతిదానికీ బుల్లక్కది ఒకటే మాట, “ఇది ఇంకా బాగుంది” అని.

“మీ సైకిలుకి మారినన్ని సీట్లు బస్సుకి కూడా ఉండవే” అంది అత్తగారు.

నిచ్చెనమ్మ పొద్దుటి దణ్ణంలో అక్క తుంటి అందరికంటే ముందుకు వచ్చింది. నాకేమీ లేకుండా ఆవిడకెందుకు స్వామీ, సగం నాకివ్వు అనేది. నిజంగానే అనేది.

ఓనరు మంచివాడు. ఒక ఉదయం బుల్లక్క సైకిలు దిగడానికి బేకరీ గోడను పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపలాగే నిలబడిపోవడం ఆయన కంటపడింది.

“అమ్మా, నీ మంచికే చెబుతున్నాను. సోమవారం నుంచి పైవీధులకి వేరే మనిషిని పెడతాను. నువ్వు లోపల పొట్లాలు కట్టు. నిలబడి చేసే పనే.”

“సరేనండి” అంది బుల్లక్క. ఆ తర్వాత సైకిలు బుట్టను తడిగుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. తుడవడానికి అందులో ఏమీ లేదు. ఇంటికొచ్చాక కూడా, “కొత్తమనిషి సంగతి పెద్దాయనకి ముందే చెప్పాలి, లేకపోతే బెదురుతాడు” అని మాత్రం అంది.

బుట్టలు తానైనా మోసిపెడదామని, శనివారం నిచ్చెనమ్మ పొరుగింటి టీచరమ్మ సైకిలు అడిగి తెచ్చుకుని అక్క వెంట బయలుదేరింది. అక్క ముందు, తాను వెనక. అక్క సైకిలు తొక్కుతుండగా వెనక నుంచి ఆమె చూడడం అదే మొదటిసారి.

చివరింటికి ఎక్కే ఎత్తు మొదలైంది. కుడి పెడల్ కిందికి పోయినప్పుడల్లా బుల్లక్క నడుం మొత్తం కుడివైపుకు ఒరిగిపోతోంది. ఎడమది పోయినప్పుడు ఎడమవైపుకు. మడమ ఎక్కడా ఆనడం లేదు. చీకట్లో మెట్టు వెతుక్కునేవాళ్ళలా కాలివేళ్ళ కొసలతో పెడల్‌ను వెతుక్కుంటోంది. తొక్కిన ప్రతిసారీ తుంటి ఆ మెత్తటి సీటు మీద ఇటూ అటూ కోసుకుపోతోంది.

ఆ సీటు ఎవరి ఎత్తున ఉందో నిచ్చెనమ్మకు తెలిసింది. తన ఎత్తున ఉంది.

మొదట్లో అలా కాదు. ఆమె సాయంత్రం తిరిగొచ్చాక పానాతో నట్టు వదులుచేసి, అక్క కోసం సీటు దించి పెట్టేది. ఒకరోజు పానా జారి వేళ్ళు చీరుకుపోయాయి. కట్టు కడుతూ బుల్లక్క, “ఇక దించకులే, నాకు అలవాటైపోతుంది” అంది. వేళ్ళు మానాయి. నిచ్చెనమ్మ మళ్ళీ దించలేదు. ఆ మాట తనకు సుఖంగా ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని ఊరుకుంది. నట్టు తుప్పుపట్టింది. సీటు మీద సీటు మారింది గానీ కింద గొట్టం కదల్లేదు. మార్చిన ప్రతిసారీ తాత ముందు తానే ఎక్కి కూర్చుని, సరిగ్గా సరిపోయిందని చెప్పి వచ్చింది. దేవుణ్ణి రోజూ అడిగింది. అక్కను ఒక్కనాడు కుదురుగా అడగలేదు.

“అక్కా, ఆగు.”

“టైరు పోయిందా?”

“దిగు ముందు.”

దిగడానికి బుల్లక్క గోడ కోసం చూసింది. గోడ లేకపోతే నిచ్చెనమ్మే పట్టుకుని దించింది. 

“ఈ సీటు నీకు ఎత్తని తెలుసా?”

బుల్లక్క రొట్టెల మీది గుడ్డ సర్దింది. “కొంచెం ఎత్తే.”

“కొంచెమా? నీ కాలే అందడం లేదక్కా.”

“ఇన్నాళ్ళూ తొక్కలేదా ఏంటి? ఎత్తయితే తుంటి నొప్పొస్తుందని నాకేం తెలుసు. వయసనుకున్నాను. ఒకట్రెండుసార్లు నట్టు తిప్పి చూశా, నా చేతికి రాలేదు.”

“నాతో చెప్పొచ్చు కదా.”

“ఎప్పుడు చెప్పను? ముఖం ఇంత చేసుకుని కొత్త సీటు తెస్తావు. బాగుందా అక్కా అంటావు. నేను నోరు తెరిచేలోపే, బాగుంటుందిలే, నేను కూర్చుని చూశాగా అంటావు. ఇక నేను చెప్పేదేముంది?”

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది నిచ్చెనమ్మకు. రోడ్డు పక్కన సైకిలు పడేసి, అక్కడే కూర్చుని ఏడ్చింది.

అది చివరింటి ముందరే. లోపలి నుంచి పెద్దాయన తలుపు పట్టుకుని తడుముకుంటూ వచ్చాడు.

“రొట్టెలమ్మా, ఏడుస్తున్నది నువ్వేనా?”

“నేను కాదు బాబుగారూ, మా తోడికోడలు. మీ ఇంట్లో పానా ఉందా?”

“ఉంటుంది. నూనె కూడా కావాలా?”

ఎందుకు ఏడుస్తున్నారని ఆయన అడగలేదు. పానా, కుట్టుమిషను నూనె తెచ్చి ఇచ్చి, సైకిలు కదలకుండా రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. నట్టు తిరిగేసరికి నిచ్చెనమ్మ అరచేతులు ఎర్రబడ్డాయి. గొట్టం కిందికి దిగింది. బుల్లక్క ఎక్కి, ఆ ఇంటి ముందు కాస్త దూరం తొక్కి వెనక్కి వచ్చింది. నడుం కదల్లేదు.

“నొప్పుందా?” అని నిచ్చెనమ్మ అడిగి, ఈసారి నోరు మూసుకుని నిలబడింది.

బుల్లక్క ఆలోచించి చెప్పింది. “ఉంది. ఇందాకటిలా కోయడం లేదు. లోపల మాత్రం ఉంది.”

ఆ మాట భరించడం కష్టంగా ఉన్నా, నిజం చెప్పినందుకు నిచ్చెనమ్మ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

బేకరీకి తిరిగొచ్చి నేరుగా ఓనరు ముందు నిలబడింది. “తప్పు నాదండీ. సీటు నా ఎత్తున వదిలేసి అక్క తుంటి పాడుచేశాను. పైవీధులు ఆవిడ దగ్గర్నుంచి తీసేయకండి.”

“సీటు దించినంత మాత్రాన సోమవారానికి బాగైపోతుందా?”

“కాదు. బాగయ్యేదాకా రెండు పూటలా నేను వేస్తాను. ఆ తర్వాత ఆవిడ వీధులు ఆవిడకి ఇచ్చేయండి.”

“మీ అక్కకి ఇది ఇష్టమేనా? అడిగావా?”

నిచ్చెనమ్మ తల వంచుకుంది. “అడిగి వస్తాను” అని వెళ్ళి, అడిగి వచ్చింది. ఓనరు నెలాఖరు దాకా గడువిచ్చాడు. అప్పటికీ కుదరకపోతే కొత్తమనిషి తప్పదన్నాడు.

ఆ నెల ఆమెకు తీరిక లేదు. సాయంత్రాలు బుల్లక్క పక్కకు ఒత్తిగిలి పడుకుని ఒక్కొక్క గుమ్మం గురించి చెప్పేది. నిచ్చెనమ్మ మధ్యలో అందుకోకుండా విని, విన్నది తిరిగి అప్పజెప్పేది. పొద్దున ఆ గుమ్మాల్లో నిలబడితే ప్రతిచోటా ఒకటే ప్రశ్న, “మా బుల్లక్కేది?” అని. పాపం ఎవరూ కోపంగా అడిగేవాళ్ళు కాదు. ఒకావిడ తుంటికి కాపడం పెట్టుకోమని రబ్బరు సంచీ ఇచ్చింది. ఇంకొకాయన మందు సీసా ఇచ్చాడు. ఆ దయంతా అక్క పేరున తన చేతుల్లోకి వచ్చి పడుతుంటే, దొంగసొత్తు మోస్తున్నట్టు ఉండేది ఆమెకు.

నెలాఖరుకు బుల్లక్క కూర్చుని భోంచేసింది. అత్తగారు ఆమె పళ్ళెంలో ఇంకో ముద్ద ఎక్కువ వేసింది. ఓనరు మాట నిలబెట్టుకున్నాడు. సైకిలుకు పానా అక్కర్లేకుండా చేత్తో తిప్పే పిడి వేయించాడు కూడా. పైవీధులు తిరిగి బుల్లక్కవయ్యాయి. ఎడమ తుంటి మాత్రం మునుపటిలా కాలేదు. దిగి నాలుగడుగులు వేస్తే ఆ కాలు కొద్దిగా వెనకబడుతుంది. ఇక అదింతేనన్నాడు డాక్టరు.

మొదటి రోజున నిచ్చెనమ్మ తోడు వెళ్ళింది. మేడ మీది బాలింత పసివాణ్ణి భుజాన వేసుకుని కిందికే దిగివచ్చింది.

“వచ్చావా బుల్లక్కా. అదేంటి, కాలు ఈడుస్తున్నావు?”

“వయసమ్మా.”

“వయసు కాదండీ” అంది నిచ్చెనమ్మ. “సీటు దించకుండా వదిలేశాను. చాలాకాలం. నా వల్లే.”

బాలింత ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అక్క ఎప్పటిలాగే ఆ మాట కప్పేస్తుందని నిచ్చెనమ్మ అనుకుంది. బుల్లక్క రొట్టె బాలింత చేతికిచ్చి, వెనుదిరిగి తోడికోడలి ముఖంలోకి చూసింది.

“అవును, నీ వల్లే” అంది. 

అందులో కోపం లేదు, ఓదార్పూ లేదు. నెలరోజులుగా ఎవరో ఒకరు అంటారని ఎదురుచూసిన మాటే అయినా, విన్నాక నిచ్చెనమ్మకు ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పటికే బుల్లక్క సైకిలెక్కి, పెడల్ మీద పాదం ఆనించి, ముందున్న ఎత్తును చూస్తోంది.

“ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. వెనక నుంచి కాస్త తొయ్యవే, ఇక్కడ నాకు కష్టంగా ఉంది” అంది.

నిచ్చెనమ్మ వంగి తోసింది.