గొడ్డలీ, గుప్పెడు ఎండుమిరపకాయలూ

కరోనా మొదటి ఏడాది మా తెలుగు ఫెలోషిప్ ఆరాధన ఆన్‌లైన్‌కి ఎక్కింది. ఒక ఆదివారం సందేశం నా వంతు. మేముండేది జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో కాబట్టి ఇక్కడి కథే ఎంచుకున్నాను. ఎనిమిదో శతాబ్దంలో ఒక మిషనరీ భక్తుడు, ఇక్కడివాళ్లు ఉరుముల దేవుడిదని కొలిచే ఓక్ చెట్టు మీద గొడ్డలి వేశాడట. పిడుగుపడి చస్తాడని జనం కాచుక్కూర్చున్నారు. పిడుగు పడలేదు, చెట్టే పడింది. జనం బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కలపతోనే ప్రార్థనామందిరం లేచింది.

నాకు భలే నచ్చింది. ‘మన ఇళ్లలోని ఓక్ చెట్లు’ అని పేరుపెట్టి దిష్టి మీద, శకునాల మీద విరుచుకుపడుతూ నలభై నిమిషాల సందేశం రాశాను. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే రెండు నిమిషాలు కూర్చుని వెళ్లేది నేనేనన్న సంగతి మాత్రం రాయలేదు.

శనివారం పొద్దున్నే నా భార్యకు జ్వరం వచ్చింది. ఆమెకు ఏడో నెల. టెస్టు చేయించాం, రిపోర్టు మర్నాడన్నారు. ఊరినుంచి అత్తగారు వీడియోలోకి వచ్చారు. జన్మలో ప్రసాదం ముట్టని మనిషి.

“పొట్టతో దిగిన ఫొటో అందరికీ పంపారు కదా, దిష్టే. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేయండి బాబూ.”

“మనం క్రైస్తవులం అత్తయ్యా!”

“అందుకేగా, తొంభై ఒకటో కీర్తన చదువుతా తిప్పమంటన్నాను.”

ఆపద మొక్కులన్నారు పెద్దలు. పది నిమిషాలు భీష్మించి, పదకొండో నిమిషంలో మిరపకాయలు తీశాను. కీర్తన చదువుతూ మూడుసార్లు తిప్పాను. ఇక్కడిది కరెంటు పొయ్యి, మంట ఉండదు. మూకుడు బాగా కాలాక అందులో పోశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా వైపు లెక్క. నాకైతే ఊపిరాడలేదు, కళ్లు ధారలు కట్టాయి. పొగ అలారం ఇల్లెగిరిపోయేట్టు మొత్తుకుంది. నా భార్య మాత్రం వంటింటి గుమ్మంలో నిమ్మళంగా కూర్చుంది.

“వాసనే రావట్లేదమ్మా” అంది ఫోన్లోకి.

“చూశారా, ఎంత దిష్టో!” అన్నారు అత్తగారు, గెలిచినట్టుగా.

నవ్వబోయి ఆగిపోయాను. ఈ జబ్బులో ముందు పోయేది వాసనేనని రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాను. రిపోర్టుతో ఇక పనిలేదు.

అలారం విని పై అంతస్తు ఇంటావిడ మాస్కుతో మెట్ల మీదికొచ్చింది. ఆవిడ చర్చి మానే మనిషి కాదు. విషయం చెప్పాను. ఆవిడ మెట్ల చెక్క కమ్మీని వేళ్లతో మూడుసార్లు కొట్టి, “టొయ్, టొయ్, టొయ్” అంది. కీడు తగలకుండా ఇక్కడివాళ్లు చేసేది అది. భక్తుడు చెట్టు నరికి పన్నెండు వందల ఏళ్లు దాటినా, వీళ్లింకా చెక్కనే నమ్ముకున్నారు.

తర్వాత పాప క్షేమంగానే పుట్టింది. కానీ ఆ ఆదివారం నాకది తెలియదు. పొద్దున రిపోర్టు పాజిటివ్ వచ్చింది. కెమెరా ముందు కూర్చుని గొడ్డలి దాకా బాగానే చెప్పాను. పక్క గదిలో ఆమె దగ్గు తెరలు తెరలుగా వినిపించింది. ఎవరికీ కనబడకుండా బల్ల కింది చెక్కను మూడుసార్లు కొట్టాను.

మైకులో ఆ చప్పుడు అందరికీ వినిపించింది. ఎవరో పెద్దాయన గట్టిగా “ఆమేన్” అన్నాడు.