గోకిన చేతులు

విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాల ఒకటి శంషాబాద్ దగ్గర ఉంది. కొత్వాల్‌గూడ ప్రేమమ్మ అందులో ట్రేలు సర్దుతుంది. రొట్టె, వెన్న, మిఠాయి గిన్నె, చెంచా, ఏది ఎక్కడుండాలో చూడకుండానే పెట్టగలదు. చేతుల శుభ్రం విషయంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది. కొత్తగా చేరిన వాళ్లకు గోళ్లు ఎలా కడుక్కోవాలో తనే చూపించేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక దోమలు విపరీతమయ్యాయి. ప్రేమమ్మ ఒళ్లు దోమకాటుకు అసలు తట్టుకోదు. కుట్టినచోటల్లా రూపాయి బిళ్లంత దద్దురు లేచేది. మెలకువగా ఉన్నంతసేపు పళ్లు బిగబట్టి ఓర్చుకున్నా, నిద్రలో తెలియకుండానే గోకేది. పొద్దున లేచి చూసుకుంటే ముంజేతుల మీద చర్మం లేచిపోయి, గోళ్ల సందుల్లో రక్తం ఎండి ఉండేది.

ఎవరు ఏది చెబితే అది పూసింది. ఉల్లిపాయ రుద్దింది. పళ్ల పేస్టు పట్టించింది. సున్నం రాస్తే దురద చచ్చిపోతుందని బస్సులో ఎవరో అంటే, తడి సున్నం తెచ్చి రెండు చేతులకూ దట్టంగా పట్టించింది. దురద పోలేదు సరికదా, చర్మం కాలి బొబ్బలెక్కింది.

"గిన్ని దోమలు ఎక్కడికెల్లి వస్తున్నయే?" అన్నాడు భర్త జ్ఞానదాసు ఒక సాయంత్రం.

"ఎక్కడికెల్లి ఏంది? దుర్గవ్వ బర్లకాడికెల్లే."

దుర్గవ్వది పక్కిల్లు. భర్త పోయాక రెండు బర్రెలను మేపుకుంటూ, వాడకట్టులో పాలు పోసి బతుకుతోంది. గోడకు అవతలే ఆమె కొట్టం, అందులో బర్రెలు నీళ్లు తాగే తొట్టి. ప్రేమమ్మ ఆ తొట్టిలోకి ఎన్నడూ తొంగి చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు కూడా.

మర్నాడు దురదకు ప్రాణం విసిగిపోయి, ఆమె వీధిలోకి వచ్చి నిలబడి గొంతెత్తింది. "దుర్గక్కా, నీ బర్ల పెంటకు మా ఒళ్లు పుండ్లయితున్నయ్. జర మనుషుల లెక్క బతుకు."

దుర్గవ్వ గడ్డిమోపు దించి చూసింది. "తొట్టి దినాం కడుగుతనమ్మా. కావాల్నంటె వచ్చి చూడు."

"నీ కొట్టంల అడుగుపెడితె నా నౌకరి పోతది" అని ప్రేమమ్మ లోపలికి వచ్చేసింది. వాకిళ్లలో నిలబడిన వాళ్లంతా విన్నారు. ఆ రోజు నుంచి ప్రేమమ్మ పాకెట్ పాలు తెప్పించుకుంది. ఆమెను చూసి మరో రెండిళ్ల వాళ్లు కూడా దుర్గవ్వ దగ్గర పాలు మానేశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే వంటశాల గుమ్మం దగ్గర చేతులు తనిఖీ చేసే సూపర్‌వైజర్ ప్రేమమ్మను ఆపాడు. ఆయనది భీమవరం వైపు, మెత్తగా మాట్లాడే మనిషి.

"ఇవేంటమ్మా?"

"దోమలు కుట్టినయ్ సార్."

"పుళ్లున్న చేతులతో తిండి ముట్టకూడదు కదండీ. ఇవి మానేదాకా ఖాళీ ట్రాలీలు తోసే దగ్గర చేయండి. ఏమీ అనుకోవద్దు."

ఆయన తిట్టి ఉంటే ప్రేమమ్మకు కోపమైనా వచ్చేది. వరుసలో వెనకున్న అమ్మాయి ఒక అడుగు దూరం జరిగింది. గోళ్లు కడగడం తను నేర్పిన అమ్మాయే. ప్రేమమ్మ చేతులు చీర కొంగులో చుట్టుకొని అక్కడి నుంచి తప్పుకుంది.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆదివారం చర్చిలో అందరూ కలిసి భోంచేసే ప్రేమవిందు ఉంటే, పొడుగు చేతుల జాకెట్టు వేసుకొని వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. ఎప్పుడూ తనే వడ్డించేది, ఈసారి నడుము నొప్పని చెప్పి తప్పించుకుంది. పాస్టరమ్మ పలకరించి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. పాస్టరమ్మ ముఖం చిన్నబోయింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ జాకెట్టు కింద చేతులు మండుతూనే ఉన్నాయి. చర్చిలో కూర్చొని అబద్ధమాడానన్న బాధ దానికి తోడైంది.

ఆ వారమే ఇంటింటికీ తిరిగి నిలవ నీళ్లు చూసే ఆరోగ్య కార్యకర్త తారాబాయి వాళ్ల వీధికి వచ్చింది. ప్రేమమ్మ ఎదురెళ్లి, ముందు దుర్గవ్వ కొట్టం చూడమంది. తొట్టిలో నీళ్లు అడుగు రాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. తారాబాయి తల ఊపి, ప్రేమమ్మ ఇంటి వెనక్కి నడిచింది. వెనకాలే దుర్గవ్వా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ వచ్చారు.

స్నానాలగది పక్కన నీలం డ్రమ్ము ఉంది. నల్లా సరిగ్గా రాదని ప్రేమమ్మ ట్యాంకర్ నీళ్లు అందులో పట్టి పెడుతుంది. పైపైన ముంచుకోవడమే తప్ప ఎన్నడూ అడుగుదాకా ఖాళీ చేసి కడిగింది లేదు. తారాబాయి పైనున్న రేకు పక్కకు జరిపింది. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇగో అమ్మా, మీ దోమలు గీడనే పుడుతున్నయ్."

ఎవరూ నవ్వలేదు. దుర్గవ్వ డ్రమ్ములోకి చూసింది, ప్రేమమ్మ చేతుల వంక చూసింది, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఒక్క మాటైనా అంటే బాగుండుననిపించింది ప్రేమమ్మకు.

తారాబాయి, ప్రేమమ్మ కలిసి డ్రమ్ము వంచారు. తారాబాయి ఆమె చేతుల మీద సున్నం కాలిన బొబ్బలు చూసి, "సున్నం ఎవలు పెట్టమన్నరమ్మా? దురద లేస్తే సల్లటి నీళ్లల్ల బట్ట ముంచి కప్పు. గోళ్లు పొట్టిగ కత్తిరించుకో. పుండ్లకు దవాఖానల మందు రాయించుకో. దోమతెర కట్టుకొని పండు" అంది.

ఆ రాత్రి జ్ఞానదాసుకు ఉద్యోగం సంగతితో సహా అంతా చెప్పింది. తడి బట్ట కప్పుకుంటే మంట తగ్గింది, నిద్ర మాత్రం రాలేదు.

పొద్దున పాలగిన్నె పట్టుకొని కొట్టం గుమ్మంలో నిలబడింది. "అక్కా, తప్పు నాదే" అంది నెమ్మదిగా.

దుర్గవ్వ పాలు పితకడం ఆపలేదు. "తిట్టేటప్పుడు వాడకట్టంత ఇనేటట్టు తిట్టినవ్. గిప్పుడు చెవుల చెప్తున్నవా?"

ప్రేమమ్మ ఖాళీ గిన్నెతో వెనక్కి వచ్చింది. కాసేపటికి జాకెట్టు చేతులు పైకి మడుచుకొని, పాలు మానేసిన రెండిళ్లకూ వెళ్లింది. దోమలు తన డ్రమ్ములోవే అని, దుర్గవ్వ కొట్టం అద్దంలా ఉందని గుమ్మాల్లో నిలబడి అందరికీ వినిపించేలా చెప్పింది. ఒకావిడ, "మాకెర్కనే తియ్యి. వాడంత గదే ముచ్చట" అని ముసిముసిగా నవ్వింది. ప్రేమమ్మ చెవులు వేడెక్కాయి. అయినా చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పే వచ్చింది.

వానలు వెనకబట్టేసరికి పుళ్లు మానాయి, మచ్చలు మిగిలాయి. సూపర్‌వైజర్ ఆమెను మళ్లీ ట్రేల దగ్గరికి పంపాడు. ఆ రెండిళ్ల వాళ్లూ దుర్గవ్వ దగ్గరే పాలు పోయించుకుంటున్నారు, ప్రేమమ్మ కూడా. ఒకనాడు దుర్గవ్వ చెంబు పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకొని తిప్పి చూసింది.

"మానినయ్ గదా" అంది.

"మానినయక్కా."

దుర్గవ్వ పాలు పోసింది. ప్రేమమ్మకు ఆమె కళ్లలోకి చూసే ధైర్యం ఇంకా రాలేదు.