బొంత దీవెన డాట్ ఇన్ ఎక్కడికీ పోదు

నిన్న పొద్దున టిఫిన్ సెంటర్ దగ్గర పార్సిల్ కోసం నిలబడి ఉన్నాను. దీవెన చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్క లేదక్కా" అంది.

"ఎక్కడికెళ్ళింది?" అన్నాను నేను.

ఆ పిల్ల ఏడ్చేదాకా నాకు అర్థం కాలేదు. దీవెనని హాస్పిటల్ నుంచి మొన్ననేగా ఇంటికి తీసుకొచ్చారు. కొత్త క్లయింట్ లోగో రంగు బాలేదని వాయిస్ మెసేజ్ పెట్టి నన్ను తిట్టింది కూడా.

సాయంత్రం వాళ్ళ ఊరు మైలవరంలో మట్టి చేసి వచ్చాం.

ఈ పోస్ట్ రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాత్రి మన బ్యాచ్ గ్రూప్‌లో ఒకరు మెసేజ్ పెట్టారు. "పాపం, ఆ అమ్మాయి సైట్ ఇంకా ఓపెన్ అవుతోంది, చూస్తే అదోలా ఉంది, ఎవరైనా క్లోజ్ చేయించండి" అని. దానికి ఆరుగురు దణ్ణాలు పెట్టారు.

క్లోజ్ చెయ్యం. ఎందుకో చెప్తాను, ఓపిక ఉంటే చదవండి.

దీవెన, నేను ఇంజనీరింగ్‌లో ఒకే బెంచి. తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇరుకు గదిలో ఒకే టేబుల్. అది వెబ్‌సైట్లు కట్టేది, నేను డిజైన్లు చేసేదాన్ని. ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ మొదలుపెట్టినప్పుడు తన పోర్ట్‌ఫోలియోకి డొమైన్ పేరు కావాల్సి వచ్చింది.

నేను పెద్ద లిస్ట్ రాసిచ్చాను. పిక్సెల్ అని, స్టూడియో అని, ల్యాబ్స్ అని. అది మొత్తం చదివి, "ఇవన్నీ బ్యూటీ పార్లర్ పేర్లలా ఉన్నాయే" అంది.

తన పూర్తి పేరు టైప్ చేసింది. బొంత దీవెన డాట్ ఇన్. ఖాళీగా ఉంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఆ మాట ఇవాళ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

"ఇంటిపేరు తీసెయ్యవే. పేరొక్కటే పెట్టుకో, ప్రొఫెషనల్‌గా ఉంటుంది" అన్నాను.

మన ఊళ్ళో ఇంటిపేరు ఎందుకు అడుగుతారో మనందరికీ తెలుసు. కులం అడగలేక అడుగుతారు. నేను దాని మంచికే చెప్తున్నాననుకున్నాను.

అది నా లాప్‌టాప్ వైపు చూసింది. నా సైట్ ఓపెన్ చేసి ఉంది. మా ఇంటిపేరు ముందు, నా పేరు వెనక.

"నీది ఉంటే ప్రొఫెషనల్, నాది ఉంటే కాదా?" అంది.

 

వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. పనికెళ్ళిన ఇళ్ళలో పేరడిగితే ఒట్టి ఏసేబు అని చెప్పి ఊరుకునేవాడట. "మా నాన్న జీవితాంతం ఇంటిపేరు మింగేశాడే. నేను మింగను" అని, నా ముందే కొనేసింది.

తర్వాత అంతా సాఫీగా జరిగిందని చెప్పను. జరగలేదు.

వన్ టౌన్‌లో ఒక స్టీలు సామాను హోల్‌సేల్ షాపుకి ఇద్దరం వెళ్ళాం. ఓనరు గారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి టీ చెప్పారు. దీని పేరడిగారు. బాగుందమ్మా అన్నారు. ఇంటిపేరు అడిగారు. ఇది తన కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన పేరూ ఊరూ చదివారు. మైలవరంలో ఎటువైపు అన్నారు. మళ్ళీ ఫోన్ చేస్తానన్నారు. చెప్పిన టీ రాలేదు.

మెట్లు దిగుతూ, నేను ముందే చెప్పానా అని సణిగాను. అది నన్ను మూల మీద బండి దగ్గరికి లాక్కెళ్ళి, తనే టీ ఇప్పించి, "టీయేగా పోయింది, తాగు" అంది.

ఆరు నెలలకి ఆయనే ఫోన్ చేశారు. ఇంకెవరితోనో కట్టించుకున్న సైట్ పండగ సీజన్‌లో పడిపోయింది. ఎవరూ లేపలేకపోయారు. దీవెన వెళ్ళి ఒక్క పూటలో లేపింది. ఈసారి టీ వచ్చింది, బిస్కెట్లతో సహా.

కొత్త సైట్ కూడా నువ్వే చెయ్యమ్మా అన్నారాయన. ప్రతి సైట్ అడుగున తన పేరు వేసుకోవడం దీవెన అలవాటు. దానికి ఆయన, దీవెన అని ఒక్కటే వేసుకోకూడదా అన్నారు, చాలా మెత్తగా.

"మొత్తం వెయ్యాలండీ. లేకపోతే వేరేవాళ్ళని చూసుకోండి" అంది, అంతకన్నా మెత్తగా.

పక్కన నేను చెమటలు కక్కుతున్నాను. చేతికొచ్చిన పని పోగొట్టుకుంటోంది, దీనికి పిచ్చా అనుకున్నాను.

ఆయన ఒప్పుకున్నారు. ఇప్పటికీ ఆ సైట్ అడుగున బొంత దీవెన అనే ఉంది. కిందకి స్క్రోల్ చేసి చూసుకోండి.

ఇప్పుడు గ్రూప్‌లో అడిగినవాళ్ళకి.

ఆ డొమైన్ ఏటా డబ్బు కట్టి రెన్యూ చెయ్యాలి, గడువు వచ్చే నెల. దీవెన మర్చిపోతుందని నేనే గుర్తు చేసేదాన్ని. ఈసారి నేనే చేసేద్దామని ఇవాళ పొద్దున వాళ్ళ చెల్లెల్ని పాస్‌వర్డ్ అడిగి లోపలికి వెళ్ళాను.

రెన్యూ చేసేసి ఉంది. పదేళ్ళకి. అంతకు మించి డొమైన్ అమ్మేవాళ్ళు ఇవ్వరు.

తేదీ చూశాను. ఇంక మందులు పనిచెయ్యవని డాక్టర్ గారు చెప్పిన మర్నాడు. ఆ రోజు నేను దాని మంచం పక్కనే కూర్చున్నాను. ఫోన్‌లో ఏం చేస్తున్నావే, పడుకోవే అని కసిరాను. పనుంది ఉండవే అంది.

ఇదీ ఆ పని.

కాబట్టి ఆ సైట్ ఉంటుంది. చూస్తే అదోలా ఉన్నవాళ్ళు చూడకండి. పదేళ్ళ తర్వాత కూడా ఉంటుంది, అప్పుడు నేను కడతాను.

సమాధి రాయి మీద ఏం రాయించాలని వాళ్ళమ్మ గారు అడిగారు. సైట్‌లో ఎలా ఉందో అలాగే అని చెప్పాను. ఇంటిపేరుతో సహా.

వెళ్ళిరావే దీవెనా. నీ నొప్పులన్నీ తీరి, నీ దేవుడి దగ్గర నెమ్మదిగా ఉండు.

అక్కడ కూడా ఎవరైనా ఇంటిపేరు అడిగితే, మొత్తం చెప్పు.