చుట్టూ వజ్రాల ఉంగరం

పెళ్లిరోజని మా ఆయన ఈ రోజు నన్ను కొత్తగూడలో నగల షాపుకి తీసుకెళ్లారు. ఇయర్‌బడ్స్ తీయలేదు, ఆఫీసు కాల్ నడుస్తోంది.

చుట్టూ వజ్రాలున్న ఉంగరం ఒకటి పెట్టుకున్నాను. కాస్త వదులు.

"జర చూసుకోండి మేడం. చుట్టూ రాళ్లే గదా, తర్వాత సైజు మార్చనీకి రాదు," అంది సేల్స్ అమ్మాయి.

ఆయన ముందు చెయ్యి చాపాను.

"పర్లేదు, ఇదే ఫైనల్ చేసేద్దాం," అన్నారు. అది ఆఫీసు వాళ్లతో అని నాకు తెలుసు. అమ్మాయికి తెలియదు, బిల్లు వేసేసింది. నేను ఉంగరం వేలికే ఉంచుకున్నాను. కాల్ ఆపకుండానే ఆయన కార్డు ఇచ్చారు.

కారెక్కాక, "ఇంతకీ ఏది తీసుకున్నావ్?" అన్నారు.

"మీరు ఫైనల్ చేసిందే."

ఉంగరం వేలి మీద తిరుగుతూనే ఉంది. ఎటు తిరిగినా వజ్రాలే కాబట్టి వదులని చూసేవాళ్లకి తెలియదు. మీ ఉంగరాలు మీకు సరిపోయాయా?